యాప్ నేల మీద.. టైమర్ గాల్లో!

మా నాయన దగ్గర పాత స్ప్లెండర్ బండి ఉండేది. పెట్రోలు ట్యాంకు కింద, ఎడమ మోకాలి దగ్గర ఒక చిన్న నాబ్. ఆన్, రిజర్వ్, ఆఫ్. సత్యవేడు నుంచి ఊత్తుకోట పోయే దారిలో బండి రెండుసార్లు దగ్గి ఆగబోతుంటే, ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే చెయ్యి కిందికి దించి నాబ్ తిప్పేవాడు. బండి మళ్లీ అందుకునేది. ‘రిజర్వ్‌లో పడింది’ అనే మాట మా ఇంట్లో బండికే కాదు, నెలాఖరులో జేబుకు కూడా వాడేవాళ్లం.

ఒకసారి బంకులో పెట్రోలు కొట్టించాక నాబ్‌ను తిరిగి ‘ఆన్’కు తేవడం మరిచిపోయాడు. పది రోజుల తర్వాత బండి ఆగిపోయింది. చెయ్యి కిందికి పోయింది గానీ, నాబ్ అప్పటికే రిజర్వ్‌లో ఉంది. తిప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. ఎండలో ఇద్దరం బండిని నెట్టుకుంటూ వచ్చాం.

మీలో చాలామంది ఈ నాబ్‌ను చూసి ఉండరు. 2020లో బీఎస్-6 వచ్చాక ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లలో అది కనుమరుగైంది. కానీ ఇంకా బతికే ఉన్న చోటు ఒకటుంది. పైలట్ శిక్షణకు వాడే చిన్న విమానాలు. అక్కడ దాన్ని మరిచిపోతే నెట్టుకుంటూ రావడానికి రోడ్డుండదు.

ఈ సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు. ఇంటర్‌లో నా పక్క బెంచీలో కూర్చున్న మిత్రుడు చెప్పాడు. నేను ఇంజినీరింగ్‌కు పోతే, వాడు ఇంట్లోవాళ్లను ఒప్పించి, బ్యాంకు అప్పు తీసుకుని పైలట్ శిక్షణకు ఉత్తరాదికి పోయాడు. ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. ‘మచ్చా, నువ్వు యాప్‌లు చేస్తా ఉంటావు కదా. నాకొకటి చేసియ్యి. ప్రతి అరగంటకీ ట్యాంకు మార్చాల. మరిచిపోతా ఉండా. మొన్న ఇన్‌స్ట్రక్టర్ గుర్తుచేసినాడు. వచ్చే నెల ఒక్కడినే పోవాల. అప్పుడెవరు గుర్తుచేస్తారు?’

‘అదెంత పని, టైమరే కదా, రెండు రోజుల్లో ఇస్తా’ అన్నాను. నిజానికి రెండు నెలలు పట్టింది. ఆ యాప్ ఒక్కసారి కూడా గాల్లోకి పోలేదు. ఎందుకు పోలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

రెండు గ్లాసులు, రెండు స్ట్రాలు

చిన్న విమానాల్లో పెట్రోలు సాధారణంగా రెక్కల్లో ఉంటుంది. ఎడమ రెక్కలో ఒక ట్యాంకు, కుడి రెక్కలో ఇంకొకటి. సెస్నా 172 లాంటి విమానంలో రెక్కలు పైలట్ తలకన్నా పైన ఉంటాయి కాబట్టి పెట్రోలు దానంతటదే కిందికి జారుతుంది. అందుకే దాని ఫ్యూయల్ సెలెక్టర్ మీద ఎడమ, కుడితో పాటు ‘బోత్’ అనే గుర్తు కూడా ఉంటుంది. ఒకసారి అక్కడ పెట్టేస్తే చాలావరకు నిశ్చింత.

పైపర్ ఆర్చర్, పెట్రోలుతో నడిచే డైమండ్ డీఏ40 లాంటివాటిలో రెక్కలు కింద ఉంటాయి. పెట్రోలును పంపు పైకి లాగాలి. ఇంట్లో ఒక పని చేసి చూడండి. రెండు గ్లాసుల్లో మజ్జిగ పోసి, రెండు స్ట్రాలు ఒకేసారి నోట్లో పెట్టుకుని పీల్చండి. ఒక గ్లాసు ఖాళీ అయిన క్షణం నుంచి నోట్లోకి వచ్చేది గాలే. రెండో గ్లాసులో మజ్జిగ ఉన్నా లాభం లేదు. అందుకే ఈ విమానాల్లో ‘బోత్’ ఉండదు. ఎడమా, కుడా.. ఏదో ఒకటే. ఎప్పుడు మార్చాలో పైలటే గుర్తుపెట్టుకోవాలి.

ఆర్చర్ లెక్క చూద్దాం. వాడుకోదగ్గ పెట్రోలు 48 గ్యాలన్లు, అంటే సుమారు 182 లీటర్లు. ఒక్కో పక్క 91. గంటకు 38 లీటర్లు తాగుతుందనుకోండి. ఒకే ట్యాంకు మీద వదిలేస్తే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలకు ఇంజిన్ ఆగుతుంది. అప్పటికీ పక్క రెక్కలో 91 లీటర్లు నిండుగా ఉంటాయి. అంతకంటే ముందే ఒక రెక్క బరువెక్కి విమానం ఆ పక్కకు ఒరుగుతూ ఉంటుంది. లీటరు పెట్రోలు సుమారు 0.72 కిలోలు. గంట మరిచిపోతే 27 కిలోల తేడా, అంటే బియ్యం బస్తా కంటే ఎక్కువ. అందుకే అరగంటకోసారి మార్చడం చాలామంది పైలట్లకు అలవాటు.

గేజ్ చూసుకుంటే సరిపోదా అని నేనూ అడిగాను. పాత శిక్షణ విమానాల్లో గేజ్ అంటే ట్యాంకులో తేలే బెండు. విమానం తిరిగినా, ఊగినా ముల్లు కూడా ఊగుతుంది. అందుకే బయల్దేరే ముందు రెక్క మీద మూత తీసి పుల్ల ముంచి చూస్తారు. మన ఊళ్లలో డీజిల్ ఇంజిన్ ట్యాంకులో పుల్ల ముంచి చూసినట్టే. ఆ తర్వాత నమ్మాల్సింది గడియారాన్ని. గంటకెంత తాగుతుందో తెలిస్తే, ఎంతసేపు ఎగిరామో తెలిస్తే, ఎంత మిగిలిందో తెలుస్తుంది.

తప్పు ఎక్కడ జరుగుతోంది?

అమెరికాలో విమాన ప్రమాదాలను విచారించే సంస్థ ఎన్‌టీఎస్‌బీ. 2017లో ఇంధనం గురించి అది ఒక హెచ్చరిక పత్రం విడుదల చేసింది. 2011 నుంచి 2015 వరకు అక్కడి చిన్న విమానాల్లో ఇంధన నిర్వహణ సరిగా లేక ఏటా సగటున 50కి పైగా ప్రమాదాలు జరిగాయి. వాటిలో 56 శాతం పెట్రోలు పూర్తిగా అయిపోయినవి. 35 శాతం పెట్రోలు ఉండి కూడా ఇంజిన్‌కు అందనివి. యంత్రాల లోపం కారణమైనవి 5 శాతమే. మిగతా 95 శాతంలో మనిషి పొరపాటు ఉంది.

నన్ను ఆపేసింది ఆ 35 శాతం. పెట్రోలు ఉంది. కానీ పక్క ట్యాంకులో ఉంది.

ఈ జాబితాకు చాలా ముందే జరిగిన ఒక ప్రమాదం గురించి చదవని పైలట్ విద్యార్థి ఉండడేమో. 1997 అక్టోబరు 12న అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియా తీరంలో, మాంటెరీ దగ్గర తన చిన్న విమానం కూలి చనిపోయాడు. లాంగ్-ఈజీ అనే ఆ విమానాన్ని అప్పుడే కొన్నాడు. అనుభవం లేనివాడు కాదు, వేల గంటలు ఎగిరినవాడు. అసలు డిజైన్‌లో ట్యాంకు మార్చే నాబ్ పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. దాన్ని తయారుచేసినతను తీసుకెళ్లి పైలట్ ఎడమ భుజం వెనకాల పెట్టాడు. ఏ పక్కకు తిప్పితే ఏ ట్యాంకో గుర్తు కూడా లేదు. గేజ్‌లూ వెనకాలే. వాటిని చూడ్డానికి మెకానిక్ ఒక చిన్న అద్దం ఇచ్చాడు. పెట్రోలు కొట్టించమంటారా అంటే, కాసేపే ఎగురుతాను, అక్కర్లేదన్నాడు డెన్వర్.

గాల్లో ట్యాంకు మార్చాల్సి వచ్చింది. బిగుసుకుపోయిన ఆ నాబ్ కోసం వెనక్కి తిరిగినప్పుడు కాలు తెలియకుండా కుడి రడ్డర్ పెడల్‌ను నొక్కి ఉంటుందని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. విమానం అదుపు తప్పింది. నివేదిక మొదట చెప్పిన కారణం పెట్రోలు అయిపోవడం కాదు. పైలట్ ధ్యాస మళ్లడం. పెట్రోలు నింపుకోకపోవడం, గుర్తులేని నాబ్‌ను వెనక్కి మార్చడం ఆ తర్వాత వచ్చాయి.

అది చదివిన రోజు యాప్ డిజైన్ గురించి కొంచెం భయం వేసింది. కానీ మనం ఇంజినీర్లం కదా, భయం వేస్తే ఇంకో ఫీచర్ కలుపుతాం!

నా యాప్ కథ, మా వంగనారు కథ

మొదటి వెర్షన్ ఒక సాయంత్రంలో అయిపోయింది. 30:00 నుంచి 00:00 వరకు అంకెలు తగ్గుతాయి, తర్వాత గంట మోగుతుంది, తెరమీద ‘ఎడమ’ పోయి ‘కుడి’ వస్తుంది. ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని చూస్తే బ్రహ్మాండం.

గాల్లోకి పంపే ముందు పరీక్షించాలి కదా. మా బోరు దగ్గర వంగనారు మడి ఉంది. అరగంట నీళ్లు పారించి మోటారు ఆపాలి. ఆ రోజు నాయన ఊళ్లో లేడు, పని నాది. యాప్ పెట్టి, ఫోన్ జేబులో వేసుకుని చింతచెట్టు కింద పడుకున్నాను. లేచేసరికి గంటన్నర దాటింది. యాప్ మోగలేదు. తీసి చూస్తే 21:40 దగ్గర ఆగి ఉంది. నారుమడి చెరువైంది. మూడు రోజులకు మొక్కలు కుళ్లిపోయాయి. నాయన తిట్టలేదు. ఫోన్ వైపు చూసి ‘నీ యాప్ రిజర్వ్‌లో పడినట్టుండాది’ అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి వారం పట్టింది. యాప్‌లు చేసేవాళ్లు, చేయాలనుకునేవాళ్లు ఈ భాగం నెమ్మదిగా చదవండి.

తెర ఆరిపోయి, ఫోన్ కదలకుండా ఉంటే ఆండ్రాయిడ్ కొంతసేపటికి నిద్రలోకి పోతుంది. దీన్ని డోజ్ అంటారు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచీ ఉంది. బ్యాటరీ ఆదా చేయడానికి వెనకాల నడిచే యాప్‌ల పనిని అది వాయిదా వేస్తుంది. దీనికి తోడు కొన్ని ఫోన్లలో తయారీ కంపెనీలే సొంత బ్యాటరీ సేవర్లు పెట్టి, వాడటం లేదనిపించిన యాప్‌ను పూర్తిగా ఆపేస్తాయి. నా ఫోన్ చేసింది అదే. ఏ కంపెనీ అని అడక్కండి, ఈ జబ్బు ఒక్కరిది కాదు. ఫోన్ దృష్టిలో నా టైమర్ ఒక సోమరి యాప్. దాని మీద ఒక నారుమడి ఆధారపడి ఉందని దానికేం తెలుసు?

సరే, అంకెలు లెక్కపెట్టడం మానేసి, ఫలానా సమయానికి లేపమని ఆండ్రాయిడ్‌కే అలారం అప్పగించాను. అక్కడ ఇంకో మెలిక. ఆండ్రాయిడ్ 12 నుంచి కచ్చితమైన సమయానికి మోగే అలారానికి ప్రత్యేక అనుమతి కావాలి. ఆండ్రాయిడ్ 14లో కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకు ఆ అనుమతి మొదట ఇవ్వకుండానే ఉంచుతారు. వాడేవాడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇవ్వాలి. ఇవ్వకపోతే అలారం ‘దాదాపు ఆ టైముకు’ మోగుతుంది. దాదాపు అనే మాట పెళ్లి భోజనానికి సరిపోతుందేమో, ట్యాంకు మార్చడానికి కాదు.

తర్వాత గడియారం గొడవ. ఫోన్లో కనిపించే టైమును నెట్‌వర్క్ సరిదిద్దుతూ ఉంటుంది. మధ్యలో అది రెండు నిమిషాలు ముందుకో వెనక్కో జరిగితే నా లెక్క కూడా జరుగుతుంది. అందుకని ఫోన్ ఆన్ అయినప్పటి నుంచి గడిచిన కాలాన్ని మాత్రమే లెక్కించే పద్ధతికి మార్చాను. దీన్ని మోనోటోనిక్ క్లాక్ అంటారు. ఇంటర్వ్యూలో టైమర్ గురించి అడిగితే ఈ తేడా చెప్పండి, అవతలివాళ్లు కుర్చీలో కొంచెం ముందుకు జరుగుతారు.

ఇక శబ్దం. చిన్న విమానంలో హెడ్‌సెట్ లేకుండా పక్కవాడి మాట వినపడదు. ఫోన్ ఎంత అరిచినా వృథా. వైబ్రేషన్ పెడదామంటే సీటు మొత్తం ఎలాగూ వణుకుతూనే ఉంటుంది. తెర మొత్తం ఎర్రగా మెరిసేలా చేశాను. దానికి తెర ఆరకూడదు. ఆరకపోతే బ్యాటరీ తాగుతుంది, ఫోన్ వేడెక్కుతుంది. ఐఫోన్, ఐప్యాడ్‌లను 35 డిగ్రీలు దాటని వాతావరణంలో వాడమని యాపిలే చెబుతుంది. మరీ వేడెక్కితే తెర మసకబారుతుంది, చివరికి చల్లబడేవరకు పనిచేయనని మొరాయిస్తుంది. మే నెలలో మా సత్యవేడులో 35 డిగ్రీలంటే చల్లగా ఉందన్నట్టు. అద్దాల డబ్బా లాంటి కాక్‌పిట్‌లో, నెత్తిన సూర్యుడితో ఆ అంకె దాటడం ఎంతసేపు?

రెండు నెలలకు అన్నీ సరిచేసి పంపాను. పదకొండో వెర్షన్ అది. నారుమడి దగ్గర ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇన్‌స్ట్రక్టర్ అడిగిన ప్రశ్న

మిత్రుడు దాన్ని ఇన్‌స్ట్రక్టర్‌కు చూపించాడు. ఆయన ఐదు నిమిషాలు ఓపిగ్గా చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట. ‘తెర మీద కుడి అని ఉంది. నాబ్ ఎక్కడుందో ఈ ఫోన్‌కు ఎట్లా తెలుసు?’

తెలియదు. నా యాప్ గంట మోగించి, వేలు తగలగానే ‘ఎడమ’ను ‘కుడి’గా మార్చి, కొత్త అరగంట మొదలుపెడుతుంది. పైలట్ నాబ్ తిప్పాడనే అది అనుకుంటుంది. అదే సమయంలో రేడియోలో పిలుపొస్తే, వేలు గంటను ఆపేస్తుంది, చెయ్యి నాబ్ దాకా పోదు. అప్పటినుంచి తెర ఒకటి చెబుతుంది, నాబ్ ఇంకోచోట ఉంటుంది. ఇంకో అరగంటకు తెర ‘ఎడమ’ అంటుంది. చూస్తే నాబ్ ఎడమకే ఉంది. సరే, ఇప్పటికే మార్చేసినట్టున్నాను అనుకుంటాడు. ఒకే ట్యాంకు మీద గంట గడిచిపోయింది, మూడో అరగంట మొదలైంది. పదకొండు వెర్షన్లలో నేను ఈ ప్రశ్న వేసుకోలేదు. ఫోన్ ఎట్లా ఆగిపోతుందనేదే ఆలోచించాను. ఫోన్ చక్కగా పనిచేస్తూనే అబద్ధం ఎట్లా చెబుతుందో ఆలోచించలేదు.

ఆ ఇన్‌స్ట్రక్టర్ సొరుగులోంచి వంటింట్లో వాడే డిజిటల్ టైమర్ తీసి ఇచ్చాడు. వెనకాల వెల్క్రో అంటించి ఉంది. పైలట్లు తొడకు కట్టుకునే రాత అట్ట ఉంటుంది, నీబోర్డ్ అంటారు, దాని మూలన అతుక్కుంటుంది. పెద్ద అంకెలు, పెద్ద బటన్లు, మోగినప్పుడు మెరిసే చిన్న లైటు. దానికి ఎడమా కుడీ తెలియదు, తెలుసునని చెప్పుకోదు కూడా. మోగితే ‘నాబ్ వైపు చూడు’ అని మాత్రమే అర్థం.

దానికీ లోపాలున్నాయి. మొదలుపెట్టడం మరిచిపోతే అది మోగనే మోగదు. బటన్ సెల్ అయిపోవచ్చు. అలవాటుగా నొక్కేసి ఊరుకునే ప్రమాదం దీనికీ ఉంది. అందుకే వాడికి ఒక వరస నేర్పారు. మోగగానే బటన్ నొక్కకూడదు. ముందు బూస్ట్ పంపు వేయాలి, నాబ్ తిప్పాలి, ఫ్యూయల్ ప్రెషర్ చూడాలి, టైము రాసుకోవాలి. అప్పటిదాకా మోగనీ. చివరగా నొక్కాలి. టేకాఫ్ అయిన వెంటనే గానీ, దిగడానికి తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు గానీ ట్యాంకు మార్చకూడదు. ఆ సమయం వస్తుందని తెలిస్తే ముందే మార్చేసుకోవాలి.

ఇంతకన్నా చవకైన పద్ధతి ఒకటి పాత పైలట్లు వాడతారు. నాకు బాగా నచ్చింది అదే. గోడ గడియారంలో పెద్ద ముల్లు 12 నుంచి 6 దాకా కుడి సగంలో ఉంటుంది కదా, అప్పుడు కుడి ట్యాంకు. 6 నుంచి 12 దాకా ఎడమ సగం, ఎడమ ట్యాంకు. అంతే. మొదలుపెట్టాల్సిన బటన్ లేదు, మరిచిపోవడానికి లెక్క లేదు. ఏ నిమిషంలో చూసినా నాబ్ ఎక్కడుండాలో ముల్లు చెబుతూనే ఉంటుంది. దీన్ని మించిన యూజర్ ఇంటర్‌ఫేస్ నేను ఇంతవరకు చూడలేదు.

చూపు ఎటుపోతే..

చిన్న విమానాల సంగతి వదిలేసి పెద్దవాటిని చూసినా కథ మారదు. 1978 డిసెంబరు 28న యునైటెడ్ 173 అనే డీసీ-8 విమానం అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ మీద సుమారు గంటసేపు చక్కర్లు కొట్టింది. చక్రాలు సరిగ్గా దిగాయో లేదో తేల్చుకోవాలని కెప్టెన్ తాపత్రయం. ఇంధనం తగ్గుతోందని పక్కనున్నవాళ్లు మెల్లగా గుర్తుచేస్తూనే ఉన్నారు. గేజ్‌లు ఉన్నాయి, గడియారాలు ఉన్నాయి, ముగ్గురు మనుషులు ఉన్నారు. చివరికి ఇంజిన్లన్నీ ఆగిపోయి విమానం ఊరిమీద కూలింది. 189 మందిలో పదిమంది చనిపోయారు. కాక్‌పిట్‌లో మాట ఎట్లా చెప్పాలి, ఎట్లా వినాలి అనే శిక్షణ విమానయానంలో మొదలవడానికి కారణమైన ప్రమాదాల్లో ఇది ముఖ్యమైనది.

మన జిల్లావాళ్లకు ఇంకో రోజు గుర్తుంటుంది. 2009 సెప్టెంబరు 2. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన హెలికాప్టర్ నల్లమలలో కూలి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డితో సహా ఐదుగురు చనిపోయారు. అక్కడ ఇంధనం సమస్య కాదు. తీవ్రమైన గాలివానలో హెలికాప్టర్‌ను కిందికి తోసిన గాలి కారణమని విచారణ కమిటీ చెప్పింది. దానితో పాటు ఇంకో మాట రాసింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరికను తేల్చుకునే పనిలో పైలట్ల ధ్యాస నిమిషాల తరబడి అటే ఉండిపోయిందని. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. టీవీ ముందు నుంచి ఊరు ఊరంతా లేవలేదు. ఆ నివేదికలోని ఆ ఒక్క మాట బరువు ఈ యాప్ చేశాకే నాకు తెలిసింది.

మరి యాప్‌లు దండగా?

కానే కాదు. ఫోర్‌ఫ్లైట్, గార్మిన్ పైలట్ లాంటి యాప్‌లు చేసే పని ఏ టైమరూ చేయలేదు. రేపటి గాలి ఎటు వీస్తుంది, ఎదురుగాలి వల్ల ఎంత పెట్రోలు ఎక్కువ పోతుంది, దారి మార్చుకుంటే ఏ విమానాశ్రయానికి సరిపోతుంది, బరువు హద్దులో ఉందా.. ఇవన్నీ నేల మీద, నీడన కూర్చుని, టీ తాగుతూ తేల్చుకోవాల్సినవి. ఫోర్‌ఫ్లైట్ 2007లో మొదలైంది. 2019లో బోయింగ్ కొన్నది, 2025లో థోమా బ్రావో అనే పెట్టుబడి సంస్థకు అమ్మింది. అంత గిరాకీ ఉన్న పని అది. ఆధునిక కాక్‌పిట్ తెరల్లోనూ టైమర్లు, ఇంధనం లెక్కలు ఉంటాయి. అవి విమానంతో పాటే పరీక్షకు నిలిచినవి, జేబులోంచి తీసిన ఫోన్ కాదు.

ఈ లెక్కలు యాప్‌లతో పుట్టలేదు కూడా. 1932 అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి పుస్ మాత్ అనే చిన్న విమానంలో ఉత్తరాలు తెచ్చాడు. అహ్మదాబాద్‌లో ఎద్దులబండి మీద డబ్బాల్లో వచ్చిన పెట్రోలు పోసుకుని బొంబాయి చేరాడు. అక్కణ్నుంచి నెవిల్ విన్సెంట్ అదే టపాను బళ్లారి మీదుగా మద్రాసుకు తీసుకెళ్లాడు. బళ్లారి నుంచి మద్రాసుకు పటం మీద గీత గీసి చూడండి. తిరుపతి, పుత్తూరు దగ్గర్లోంచి పోతుంది, మా సత్యవేడుకు కాస్త దక్షిణంగా. సుమారు 430 కిలోమీటర్లు. గంటకు 165 కిలోమీటర్ల వేగం అనుకుంటే రెండు గంటల నలభై నిమిషాల లోపే. ఆయన దగ్గర ఉన్నది పటం, దిక్సూచి, గడియారం. మా తాతల కాలంలో మా పొలాల మీద ఆ శబ్దం ఎవరైనా విన్నారేమో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

ఇందులో మీకేముంది?

ఉద్యోగాల పేజీ కదా, ఆ మాటకే వస్తాను. పైలట్ కావాలంటే కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. ఇప్పటివరకు నడుస్తున్న పద్ధతిలో ఇంటర్ ఫిజిక్స్, మ్యాథ్స్‌తో చదివి ఉండాలి. డీజీసీఏ రాతపరీక్షలు, క్లాస్-1 వైద్య పరీక్ష, 200 గంటల ఎగిరే అనుభవం కావాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. అప్పు తీసుకునే ముందే వైద్య పరీక్ష చేయించుకోండి. శిక్షణ మధ్యలో కన్నో చెవో సరిపోదని తేలితే ఆ అప్పు అలాగే ఉండిపోతుంది. ఎగరడం కంటే యంత్రం ఇష్టమైతే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్ దారి ఉంది, దాని లైసెన్సు కూడా డీజీసీఏ ఇస్తుంది.

బీటెక్ వాళ్లలో ఎక్కువమంది పట్టించుకోని దారి ఏవియానిక్స్ సాఫ్ట్‌వేర్. విమానంలో నడిచే కోడ్‌కు డీఓ-178సీ అనే ప్రమాణం ఉంది. ఆ కోడ్ తప్పితే ఏమవుతుందనే దాన్నిబట్టి ఏ నుంచి ఈ దాకా ఐదు స్థాయిలు. విమానమే పోయే ప్రమాదముంటే ‘ఏ’. తప్పినా భద్రతకేమీ కాకపోతే ‘ఈ’. స్థాయి పెరిగేకొద్దీ పరీక్షలు, రుజువులు పెరుగుతాయి. హైదరాబాద్, బెంగళూరుల్లో హనీవెల్, కాలిన్స్ లాంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలు ఉన్నాయి. సీ భాష, ఎంబెడెడ్ సిస్టమ్స్, టెస్టింగ్ గట్టిగా వచ్చినవాళ్లు చూడాల్సిన చోట్లు అవి. బెంగళూరులోని ఎన్‌ఏఎల్ రూపొందించిన రెండు సీట్ల శిక్షణ విమానం హంస-ఎన్‌జీ 2021లో మొదటిసారి ఎగిరింది. దానిలో ముల్లుల గడియారాలకు బదులు డిజిటల్ తెరలు. ఆ తెర మీద ఏది కనపడాలి, ఏది కనపడకూడదు అని తేల్చేదీ ఒక ఉద్యోగమే. హ్యూమన్ ఫ్యాక్టర్స్ అంటారు.

నేను ఒక ఇంటర్వ్యూలో ఈ యాప్ గురించే చెప్పాను. పదకొండు వెర్షన్ల సంగతి వాళ్లకు పెద్దగా పట్టలేదు. ‘ఎందుకు వాడలేదు?’ అని అడిగారు. నారుమడి నుంచి నాబ్ దాకా చెప్పాను. మిగిలిన అరగంట దాని మీదే నడిచింది. ప్రాజెక్టు గెలిచిన కథ అందరూ బట్టీపట్టి వస్తారు. ఓడిన ప్రాజెక్టు ఎక్కడ ఓడిందో కచ్చితంగా చెప్పగలిగితే రెజ్యూమెలోంచి తీసేయకండి.

మిత్రుడి ఒంటరి ప్రయాణం మొన్న శీతాకాలంలో అయ్యింది. లైసెన్సుకు కావాల్సిన 300 నాటికల్ మైళ్ల దూరం, అంటే సుమారు 555 కిలోమీటర్లు. మధ్యలో రెండు చోట్ల దిగాలి. పొద్దున వాళ్లమ్మ నాకు రెండుసార్లు ఫోన్ చేసింది, ఏమైనా తెలిసిందా నాయనా అని. సాయంత్రానికి వాడి దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. నీబోర్డ్ మీద కాగితం, దానిమీద పెన్సిల్‌తో టైములు, ఎడమ, కుడి, ఎడమ, కుడి. మూలన ఆ తెల్ల టైమర్. కింద వాడి మెసేజ్: ‘ఐదు తూర్లు మోగింది మచ్చా. ఒక తూరి మాత్రం అది మోగకముందే నేనే తిప్పేసినా.’

మా నాయన బోరు మోటారుకు చేత్తో తిప్పి వదిలే టైమర్ స్విచ్ పెట్టించుకున్నాడు. కొత్త వంగనారు బాగానే లేచింది.